మందు మానాలనుకుంటున్నారా? తోడు నిలిచే గ్రూపును ఇలా వెతుక్కోండి

అయ్యప్ప మాలలో 41 రోజులు చుక్క ముట్టని మనిషి, మాల తీసిన సాయంత్రమే వైన్ షాపు దగ్గర కనిపించడం మన ఊళ్లలో అందరూ చూసిందే. నేనూ అలాంటివాడినే. వరసగా మూడేళ్లు మాల వేశాను. మూడుసార్లూ తీసిన రోజే తాగాను. "నలభై రోజులు ఆగినవాడివి, నలభై ఒకటో రోజు నుంచి ఏమైంది నీకు?" అని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఇప్పుడు ఉంది. ఆ రోజుల్లో నేను ఒక్కడినే ఆగలేదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి లేపేవాళ్లు ఉండేవారు. ఒక్క సాయంత్రం భజనకి రాకపోతే "ఏం స్వామీ, ఒంట్లో బాగాలేదా?" అని ఇంటికి వచ్చేవాళ్లు ఉండేవారు. మాల తీయగానే ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. నాకు సాయంత్రం ఏడింటికి ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. తెలిసిన చోటికే వెళ్లాను.

కాబట్టి మీరు వెతకాల్సింది గొప్ప పేరున్న సంస్థను కాదు. మీలాగే తాగి, మీలాగే మానాలని తిప్పలుపడి, సాయంత్రం మీరు ఫోన్ చేస్తే ఎత్తే నలుగురు మనుషుల్ని. వాళ్లు దొరికేదాకా ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందు ఒంటి సంగతి

గ్రూపు కంటే ముందు ఇది చూసుకోవాలి. రోజూ తాగుతున్నారా? పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఆ వణుకు తగ్గడానికే ఒక నైంటీ పడాల్సి వస్తోందా? అయితే ఈ రాత్రే ఒట్టు వేసుకుని మానేయకండి. పిల్లల తల మీద చెయ్యేసి మానేసినా, మాల వేసుకుని మానేసినా ఒంటికి తేడా తెలియదు. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, జ్వరం వస్తుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి పరిగెత్తుతారు. అది ప్రాణం తీసే స్థితి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులు ఇందుకే ఉన్నాయి. "ఎర్రగడ్డ" అంటే మనవాళ్లు తిట్టు కింద వాడతారు, అందుకే చాలామంది గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేస్తారు. దయచేసి లోపలికి వెళ్లండి. డాక్టర్ కొన్ని రోజులు వణుకూ ఫిట్సూ రాకుండా మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు. రోజుకు ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి. ఇంట్లో చెప్పే లెక్క అక్కడ చెబితే మాత్రల మోతాదు చాలదు.

తెలంగాణలో కల్లు అలవాటున్నవాళ్లకి ఇంకో మాట. మీరు తాగేది దుకాణం కల్లయితే ఆ సంగతి డాక్టర్‌కి విడిగా చెప్పండి. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో 2020 లాక్‌డౌన్‌లో చూశాం. దుకాణాలు మూతపడగానే వణుకులతో, ఫిట్స్‌తో జనం ఎర్రగడ్డ ఆసుపత్రికి బారులు తీరారు. దానికి వైద్యం వేరుగా చేయాల్సి ఉంటుంది.

ఇక ఫోన్ తీయండి

మాదకద్రవ్యాలు, మద్యం మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్ 14446. టెన్షన్, నిద్రలేమి, చచ్చిపోవాలనే ఆలోచనలు కూడా తోడైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416. దీన్ని 2022 అక్టోబరులో మొదలుపెట్టారు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఏం మాట్లాడాలో తెలియక చాలామంది రింగ్ అవుతుండగానే కట్ చేస్తారు. ఒక కాగితం మీద రాసుకుని చదివేయండి: "నాకు మందు అలవాటు ఉంది. మానాలనుకుంటున్నాను. మా ఊరు ఫలానా. దగ్గర్లో డాక్టర్ ఎక్కడున్నారు, ఏఏ మీటింగ్ ఎక్కడ జరుగుతుంది?" అంతే చాలు. మీ కథంతా చెప్పక్కర్లేదు. పొద్దున పూట చేయండి, సాయంత్రమయ్యేకొద్దీ మనసు మారిపోతుంది.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. పేరు తెలియని తాగుబోతుల సంఘం అని తెలుగు చేస్తే మొరటుగా ఉంటుంది గానీ అసలు అర్థం అదే. దీని పుట్టుక కూడా ఒక ఫోన్ కాలే. 1935 మే నెలలో బిల్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలోని ఏక్రన్ అనే ఊరు వెళ్లాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. పని చెడింది, జేబులో డబ్బులు అంతంతమాత్రం, హోటల్లో ఒక పక్క బార్, ఇంకో పక్క ఫోన్. అతను ఫోన్ వైపు నడిచాడు. ఊళ్లోని చర్చిల నంబర్లకి ఫోన్ చేసి, నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉన్నారా, మాట్లాడాలి అని అడిగాడు. అలా అలా ఆ ఊరి డాక్టర్ బాబ్ దగ్గరికి చేరాడు. పావుగంట కంటే ఎక్కువ కూర్చోనన్న డాక్టర్ ఆ రోజు కొన్ని గంటలు కదల్లేదు. ఆయన ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. మన దేశంలో ఏఏ 1957 నుంచి ఉంది.

భారతదేశ ఏఏ కార్యాలయం ముంబైలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఊళ్ల వారీగా మీటింగుల జాబితా, హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. నగరాల్లో వారంలో చాలా రోజులు ఎక్కడో ఒకచోట మీటింగ్ ఉంటుంది. ఎక్కువగా చర్చి ఆవరణలోని గదుల్లోనో, స్కూళ్లలోనో, ఆసుపత్రుల్లోనో పెట్టుకుంటారు. చర్చిలో జరుగుతోందని మతం అనుకోకండి, గది తక్కువ అద్దెకి దొరుకుతుంది, అంతే.

జాబితాలో చూసి నేరుగా వెళ్లిపోవద్దు. మీటింగులు చోటు మారుతుంటాయి, వేళ మారుతుంటుంది. ధైర్యం చేసి వెళ్లిన మొదటి రోజు తాళం వేసిన తలుపు కనిపిస్తే మళ్లీ రెండో రోజు వెళ్లబుద్ధి కాదు. ముందే ఫోన్ చేసి, ఈ వారం జరుగుతోందా, తెలుగులో మాట్లాడతారా, కొత్తవాళ్లు రావచ్చా అని అడగండి. మీటింగుల్లో రెండు రకాలుంటాయి. ఓపెన్ మీటింగ్‌కి మీ వెంట భార్యో తమ్ముడో రావచ్చు, క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఆఖరి ప్రశ్న ముఖ్యం: "నేను వస్తే గేటు దగ్గర ఎవరైనా ఉంటారా?" ఉంటామనే చెబుతారు. ఒంటరిగా ఆ గుమ్మం ఎక్కడం ఎంత కష్టమో వాళ్లందరికీ తెలుసు.

మొదటి రోజు

నేను వెళ్లింది ఒక చర్చి వెనక గదికి. పదిహేను దాకా ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బెంచీ మీద ఫ్లాస్కు, గాజు గ్లాసులు. నేను ఊహించుకున్నది గడ్డాలు పెరిగి, మాసిన బట్టలేసుకున్న మనుషుల్ని. అక్కడ బ్యాంకు నుంచి సరాసరి వచ్చినాయన ఉన్నారు, ఆటో తోలే కుర్రాడు ఉన్నాడు, రిటైరైన మాస్టారు ఉన్నారు. ఒకాయన అందరికీ టీ పోస్తూ నా దగ్గరికి వచ్చి సగం గ్లాసే పోసి ఇచ్చాడు. కొత్తవాడినని చిన్నచూపేమో అనుకున్నాను. రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే గ్లాసు పళ్లకి తగిలి టకటకమంది. అప్పుడు అర్థమైంది. నిండా పోస్తే ఒలికిపోయి నలుగురిలో సిగ్గుపడతానని సగం పోశాడు. ఒకప్పుడు ఆయన చేతులు కూడా అలాగే వణికాయన్నమాట.

మీటింగ్ గంటో గంటన్నరో ఉంటుంది. మొదట ఏదో చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెప్పుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, సలహాలివ్వరు. ఇంటిపేరు అడగరు, కులం అడగరు, ఏం చేస్తుంటారని అడగరు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అంటే సరిపోతుంది. అక్కడ విన్నది బయట చెప్పకూడదు, మీ గురించి వాళ్లూ చెప్పరు. తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని భయపడేవాళ్లు చాలామంది. కనిపించినా వాళ్లూ అందుకే వచ్చారు కదా.

ఫీజు లేదు. చివర్లో ఒక సంచి తిప్పుతారు, గది అద్దెకీ టీకీ ఉన్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు. మొదటిసారి వెళ్లినవాళ్లు వేయక్కర్లేదు. రిజిస్టర్‌లో సంతకం, ఆధార్, ఫోటో ఇవేవీ ఉండవు. తాగుడు మానాలనే కోరిక ఒక్కటే అర్హత అని వాళ్ల నియమం.

దేవుడి మాట వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. తాగుడు మానడానికి ఏఏ చూపించే దారిని 12 మెట్లుగా చెబుతారు, వాటిలో దేవుడి ప్రస్తావన ఉంది, ఎవరు ఎలా అర్థం చేసుకుంటే అలా అంటారు. నేను గుళ్లకి తిరిగే మనిషిని, నాకు ఇబ్బంది అనిపించలేదు. నా పక్కన కూర్చునే ఒకాయన నాస్తికుడు, ఆయన "ఈ గదిలో ఉన్న మీరంతా కలిస్తే నాకన్నా బలం, నాకు అదే దేవుడు" అంటాడు. అదీ కుదరనివాళ్లకి స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన ఇంకో పద్ధతి ఉంది. అందులో దేవుడి ఊసు ఉండదు, ఆలోచనల్ని, తాగాలనే తహతహని దారిలో పెట్టుకునే అభ్యాసాలు ఉంటాయి. ఇంగ్లీషు వస్తే ఆన్‌లైన్‌లో చేరవచ్చు.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అని అడిగే హక్కు మీకు ఉంది. వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల లెక్కలు చూసింది. ఏఏలో చేరేలా పద్ధతి ప్రకారం ప్రోత్సహించే చికిత్స తీసుకున్నవాళ్లలో, ఇతర మానసిక చికిత్సలు తీసుకున్నవాళ్లకంటే ఎక్కువమంది పూర్తిగా మానేసి ఉన్నారని తేల్చింది. అందరికీ పనిచేస్తుందని కాదు. డాక్టర్‌ని మానేసి ఇక్కడికి రమ్మనీ కాదు. రెండూ కలిసి నడవాలి.

నంబర్లు తీసుకోండి, వాడండి

మీటింగ్ అయ్యాక అందరూ పది నిమిషాలు అటూ ఇటూ నిలబడతారు. చాలామంది కొత్తవాళ్లు ఆ పది నిమిషాల్లోనే జారుకుంటారు. నా దృష్టిలో మీటింగ్‌లో అసలైన భాగం అదే. కనీసం ముగ్గురి నంబర్లు అడిగి తీసుకోండి. ఒక్క నంబరే ఉంటే ఆయన ఆ టైంలో బండి నడుపుతూ ఉండొచ్చు.

తీసుకున్న నంబరుకి మర్నాడే ఒకసారి ఊరికే చేయండి. "నిన్న కలిశాం కదా సార్, ఊరికే చేశాను" అనండి. ఈ పని ఎందుకంటే, కష్టం వచ్చిన రోజున మొదటిసారి ఆ నంబర్ నొక్కడం దాదాపు అసాధ్యం. నా మట్టుకు ఏడింటికి వచ్చే తహతహ ఇరవై నిమిషాలో అరగంటో ఉండి కిందికి దిగేది. ఆ కాసేపు ఎవరో ఒకరు క్రికెట్ గురించైనా మాట్లాడుతూ ఉంటే దాటిపోయేది. మొదటి నెలల్లో నేను రోజూ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో, వైన్ షాపు ఉన్న మలుపు దాటేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకునేవాడిని. అవతల ఆయన "దాటావా?" అని అడిగేవాడు. "దాటాను సార్" అనేదాకా పెట్టేసేవాడు కాదు.

కొంతకాలం గడిచాక ఇలాంటి ఒకరిని మీకు దారి చూపమని అడగవచ్చు. ఏఏలో వాళ్లని స్పాన్సర్ అంటారు. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు ఉండడం మంచిది.

ఒక్క మీటింగ్ చూసి తేల్చేయకండి. పెళ్లిచూపుల్లా ఒక్క చూపులో నచ్చకపోవచ్చు. ఆరు సార్లు వెళ్లండి, వీలైతే రెండు మూడు వేర్వేరు గ్రూపులకి. మొదటి మూడు నెలలు వీలైనన్ని రోజులు వెళ్లమని పాతవాళ్లు చెబుతారు, నేను విన్నాను, మేలే జరిగింది.

అయితే కొన్ని చోట్ల నుంచి మాత్రం లేచి వచ్చేయాలి. డాక్టర్ ఇచ్చిన మందులు ఆపేయమనేవాళ్లు, డబ్బు అప్పడిగేవాళ్లు, కొత్తగా వచ్చిన ఆడవాళ్లతో చనువు తీసుకోబోయేవాళ్లు, మీరు చెప్పుకున్నది బయట మాట్లాడేవాళ్లు ఉన్న గ్రూపు మీకు వద్దు. ఇంకో గ్రూపు చూసుకోండి. అలాగే గ్రూపు వేరు, డీ-అడిక్షన్ సెంటర్ వేరు. సెంటర్‌లో చేరాల్సి వస్తే డాక్టర్ ఉన్నారా, ఇంట్లోవాళ్లని కలవనిస్తారా అని చూసుకోండి. రాత్రిపూట మనుషుల్ని పంపి కట్టేసి తీసుకెళ్తామని, కొట్టి మాన్పిస్తామని చెప్పే చోటికి ఎవరినీ పంపకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది, రోగి గౌరవానికి అందులో రక్షణ ఉంది.

మా ఊళ్లో గ్రూపు లేదంటే

చాలా ఊళ్లలో లేదు, నిజమే. బెల్టు షాపు లేని ఊరు వెతికినా దొరకదు గానీ గ్రూపు కోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కాలి. 2019లో కేంద్రం ఎయిమ్స్‌తో చేయించిన సర్వే ప్రకారం దేశంలో 5 కోట్ల 70 లక్షల మందికి మద్యం సమస్యకి సాయం అవసరం. వాళ్లలో మీ వీధిలోవాళ్లూ ఉంటారు.

వారానికి ఒక్కసారైనా బస్సెక్కి వెళ్లండి. మిగతా రోజులు ఫోన్లో ఆన్‌లైన్ మీటింగులు వినండి. జూమ్‌లో పెట్టే ఏఏ మీటింగుల్లో కెమెరా తెరవక్కర్లేదు, పేరు మార్చుకోవచ్చు. తెలుగులో ఏవి ఉన్నాయో హెల్ప్‌లైన్‌లో అడగండి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి కూడా ఇదే సులువు. అమెరికాలో ఉన్నవాళ్లకైతే ఏఏ వాళ్ల మీటింగ్ గైడ్ యాప్‌లో దగ్గర్లోని మీటింగులు కనిపిస్తాయి. తెలుగువాళ్లకి తెలిసిపోతుందన్న బెంగ ఉంటే ఆ మీటింగులు మరీ మేలు.

కొన్నాళ్లకి నిలదొక్కుకున్నాక మీ ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. మానాలనుకునే ఇద్దరో ముగ్గురో కలిసి కూర్చుంటే అది గ్రూపేనని ఏఏ నియమాల్లోనే ఉంది. గది, ఫ్లాస్కు, వారంలో ఒక మారని వేళ ఉంటే చాలు.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. మన దగ్గర తాగే ఆడవాళ్లు డాక్టర్‌కి కూడా చెప్పుకోలేరు. మగవాళ్లతో నిండిన గదిలోకి ఒక్కరే వెళ్లమని నేను చెప్పను. ఫోన్ చేసినప్పుడే "ఆడవాళ్లు ఉన్న గ్రూపు కావాలి, లేకపోతే ఒక ఆవిడ నంబర్ ఇప్పించండి" అని అడగండి. ఆడవాళ్లకి మాత్రమే జరిగే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి.

ఇంట్లోవాళ్లకి

అమ్మా, మీ ఆయన ఇంకా ఒప్పుకోకపోయినా మీరు వెళ్లడానికి ఒక చోటు ఉంది. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ గ్రూపులు మన నగరాల్లోనూ ఉన్నాయి. ఆయన్ని ఎలా మాన్పించాలో అక్కడ నేర్పరు. రాత్రంతా కిటికీ దగ్గర కూర్చోకుండా మీరు ఎలా బతకాలో, ఆయన చేసినదానికి మీరెలా సిగ్గుపడకుండా ఉండాలో మాట్లాడుకుంటారు.

ఒక్క పని మాత్రం చేయకండి. "తెలియకుండా కూరలో కలిపితే మందు మానేస్తారు" అంటూ అమ్మే పొడులూ మాత్రలూ వద్దు. వాటిలో డైసల్ఫిరామ్ లాంటి, తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర ఉంటే, ఆ సంగతి తెలియని మనిషి మామూలుగా తాగితే వాంతులు, ఆయాసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం జరుగుతుంది. డాక్టర్లు కూడా ఆ మాత్రని రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే ఇస్తారు.

మళ్లీ తాగితే

నేను నాలుగు నెలలు ఆగి, మేనకోడలి పెళ్లిలో తాగాను. "ఒక్క పెగ్గేరా, పెళ్లి కదా" అన్నవాళ్లని ఏమీ అనను, గ్లాసు పట్టుకున్నది నా చెయ్యే. ఆ తర్వాత వారం రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఎనిమిదో రోజు వెళ్లి, ఆ చర్చి గేటు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి లోపల్నుంచి ఒకాయన చెప్పుల కోసం బయటికి వచ్చి నన్ను చూసి, "రండి రండి, మొదలుపెట్టేస్తున్నాం" అన్నాడు. ఎందుకు రాలేదని ఆ రోజు ఒక్కరూ అడగలేదు. నేనే చెప్పుకున్నాను.

మీకూ ఇలా జరిగితే ఆ రాత్రే, లేకపోతే మర్నాడు పొద్దున, మీ దగ్గరున్న మూడు నంబర్లలో ఒకదానికి ఫోన్ చేయండి. ఎంత తాగారో చెప్పండి. రోజుల తరబడి మళ్లీ తాగుడు సాగితే, మళ్లీ ఆపేముందు డాక్టర్‌ని కలవండి, ముందు చెప్పిన ఫిట్స్ ప్రమాదం మళ్లీ మొదటికి వస్తుంది. ఆ వారం మీటింగ్ ఏ రోజుందో చూసుకుని, గేటు దగ్గర ఒకరిని నిలబడమని చెప్పి వెళ్లండి.